పాట పాడే ముందు: ఆన్‌లైన్ వేలంలో పాత పుస్తకాలు కొనడం ఎలా

తిరుపతి వాళ్లకు వేలం పాట కొత్త కాదు. తలనీలాల దగ్గర నుంచి భక్తులు హుండీలో వేసిన చేతి గడియారాల దాకా దేవస్థానం ఈ-వేలంలోనే అమ్ముతుంది. మదనపల్లె టమాటా మార్కెట్టుకు వెళ్తే అక్కడా పాటే. వ్యాపారి పెట్టెలో చెయ్యి పెట్టి, అడుగున ఉన్న కాయను పైకి తీసి, నొక్కి చూసి గాని ధర చెప్పడు. పాత పుస్తకాల ఆన్‌లైన్ వేలంలో మీకు లేనిది ఆ నొక్కి చూసే వీలే. నాలుగైదు ఫోటోలు, రెండు మూడు వాక్యాల వర్ణన, పక్కన తరిగిపోతున్న గడియారం. వీటితోనే తేల్చుకోవాలి.

నా మొదటి పాట ఎలా ముగిసిందో ముందే చెబుతాను. ఒక పాత నిఘంటువు. ముఖపత్రం (అట్ట లోపల పుస్తకం పేరు అచ్చయ్యే పుట) మీద వందేళ్ల కిందటి సంవత్సరం, మద్రాసు అచ్చుకూటం పేరు, అన్నీ సవ్యంగా ఉన్నాయి. రాత్రి పదకొండు దాకా మేలుకుని, నాతో పోటీపడిన వాళ్లందరినీ దాటి పాడి గెలిచాను. వారం తరువాత పార్సిల్ విప్పితే కాగితం తెల్లగా, బరువుగా ఉంది. ముఖపత్రం తిప్పి చూస్తే ఆ వెనుక చిన్న అక్షరాల్లో ‘పునర్ముద్రణ’ అని ఉంది. పాత ముఖపత్రాన్ని ఫోటో తీసి యథాతథంగా అచ్చువేసిన పుస్తకమది. అమ్మినాయన అబద్ధం చెప్పలేదు. ముఖపత్రం ఫోటో మాత్రమే పెట్టాడు, దాని వెనుక పుట పెట్టలేదు. నేనూ అడగలేదు. అప్పటి నుంచి నేను ముందుగా అడిగేది ఆ వెనుక పుటే.

ఏం కొనాలో ముందు తేల్చుకోండి

‘పాత పుస్తకాలు సేకరిస్తాను’ అని దిగితే ఇల్లు నిండుతుంది, సేకరణ మాత్రం తయారు కాదు. ఒక గీత గీసుకోండి. ఊరు కావచ్చు, ఒక రచయిత, ఒక అచ్చుకూటం, ఒక పత్రిక కావచ్చు. మన ప్రాంతం వాళ్లకు దగ్గరలోనే మంచి గీతలున్నాయి.

ఉదాహరణకు ఊరి చరిత్ర తీసుకోండి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకు ముందు తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. కాబట్టి 1911కు ముందు పుస్తకాల్లో మీరు చిత్తూరు జిల్లా కోసం వెతికితే దొరకదు. ఆర్థర్ కాక్స్ రాసిన ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్, అంటే ఆ జిల్లా వివరాల గ్రంథం, 1881లో వచ్చింది, దాన్ని హెరాల్డ్ స్టూవర్ట్ సవరించగా 1895లో కొత్త కూర్పు వచ్చింది. ఈ రెండూ వేలాల్లో అప్పుడప్పుడూ కనిపిస్తాయి. సాహిత్యం కావాలంటే చిత్తూరు పక్కనే కట్టమంచి ఉంది. రామలింగారెడ్డి గారి ‘కవిత్వతత్త్వ విచారము’ 1914 నాటిది. దాని తొలి ముద్రణ కోసం వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దేవస్థానం ప్రచురణలైతే ఒక జీవితానికి సరిపడా ఉన్నాయి. శాసనాల సంపుటాలు 1930ల్లో వచ్చాయి. తాళ్లపాక రాగిరేకుల నుంచి తీసిన సంకీర్తనల సంపుటాలు ఆ తరువాత దశాబ్దాల పాటు వెలువడ్డాయి. ఇవి పునర్ముద్రణలు పొందిన పుస్తకాలని మాత్రం మరవకండి. చదవడానికే అయితే పునర్ముద్రణ చాలు, చౌక కూడా. తొలి ముద్రణ ధర పెట్టి పునర్ముద్రణ కొనడమే తప్పు.

‘చందమామ’ సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే చాలామంది సేకరణ దానితోనే మొదలవుతుంది. 1947 జులైలో మొదలైన పత్రిక అది. పాత ఇళ్లలో దొరికేవి ఎక్కువగా ఏడాది సంచికలు కలిపి బైండు చేయించినవి. బైండరు అంచులు సమంగా కోసేస్తాడు, చాలాసార్లు అట్టలూ ప్రకటనల పుటలూ తీసి పారేస్తాడు. చదువుకునేవాడికి నష్టం లేదు, సేకరించేవాడికి అట్టే ప్రాణం. అందుకే ‘పన్నెండు సంచికలు, బైండు’ అని కనిపిస్తే ప్రతి సంచికకూ అట్ట ఉందా, అంచు ఎంత కోశారు అన్నవి అడిగాకే ధర ఆలోచించండి.

ఒక్కటి మాత్రం ముట్టుకోవద్దంటాను. తాటాకు ప్రతులు, చేతిరాత గ్రంథాలు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం శాస్త్ర, చరిత్ర, సాహిత్య విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతి పురావస్తువు కిందికి వస్తుంది. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఎవరి మఠం నుంచి, ఎవరి అటక నుంచి వచ్చిందో తెలియని తాటాకు కట్టను వేలంలో చూస్తే నాకు కొనాలన్న కోరిక కంటే దిగులే ఎక్కువ కలుగుతుంది. మీ ఇంట్లోనే అలాంటివి ఉంటే శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థను సంప్రదించండి. వాటిని చదవగలిగినవాళ్లు అక్కడున్నారు.

ముఖపత్రం వెనుక పుట చదవడం

ఇది నేర్చుకుంటే సగం పని అయినట్టే. పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటికి ముద్రణ సంవత్సరం అంకెల్లో ఉండదు, ఉన్నా అది పీఠిక రాసిన సంవత్సరం కావచ్చు. అయినా పుస్తకం తన వయసు దాచుకోలేదు.

మొదట వెల చూడండి. ‘వెల: 1-8-0’ అని ఉంటే ఒక రూపాయి ఎనిమిది అణాలు. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి కాబట్టి అణాల్లో వెల వేసిన పుస్తకం దాదాపుగా అంతకు ముందుది. ‘న.పై.’ అని ఉంటే నయాపైసలు. ఆ ‘నయా’ అనే మాట 1964 జూన్‌లో పోయింది, కాబట్టి ఆ పుస్తకం ఈ ఏడేళ్ల మధ్యది. తరువాత చిరునామా చూడండి. ఆరంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది. ‘మద్రాసు-1’ అని మాత్రమే ఉంటే చాలావరకు అంతకు ముందుది. పిన్‌కోడు ఉండి, వెల అణాల్లో ఉంటే ఆ పుటలో ఏదో ఒకటి పాత పుటను ఫోటో తీసి పెట్టినదే. ‘చెన్నై’ అని ఉంటే ఇక మాట్లాడనక్కరలేదు, ఆ పేరు అధికారికంగా మారింది 1996లో.

ఆపైన తెలుగు సంవత్సరం. ‘సర్వజిత్తు’ అంటే 1947 ఉగాది నుంచి 1948 ఉగాది దాకా. కాని అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. 1887లోనూ సర్వజిత్తే, 2007లోనూ సర్వజిత్తే. అమ్మేవాడికి 1887 అంటేనే ఇష్టం. అప్పుడు మళ్లీ వెల దగ్గరికే వెళ్లాలి. అచ్చుకూటం పేరు, కాగితం, అరసున్నల వాడకం కూడా దారి చూపిస్తాయి గాని, అరసున్నను మాత్రమే నమ్ముకోవద్దు. గ్రాంథికంలో రాసే పండితులు చాలా కాలం దాన్ని వదలలేదు.

చివరగా ‘ప్రథమ ముద్రణ’, ‘ద్వితీయ కూర్పు’, ‘ప్రతులు 1000’ వంటి మాటలు. ఇక్కడొక మెలిక ఉంది. రెండో ముద్రణల్లో కొన్ని ‘ప్రథమ ముద్రణ 1932, ద్వితీయ ముద్రణ 1946’ అని రెండూ వేస్తాయి. అమ్మకానికి పెట్టిన ఫోటోలో మొదటి పంక్తి మాత్రమే కనిపించేలా కత్తిరించి ఉండవచ్చు. ఫోటో కింద అంచు పుట అంచుతో కలుస్తోందా లేదా చూడండి.

అచ్చు కూడా చాలా చెబుతుంది. సీసపు అక్షరాలతో అచ్చువేసిన పుటలో అక్షరం కాగితంలోకి దిగుతుంది. వెనుక నుంచి వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది. సిరా అక్షరం అంచులకు ఒత్తుకుని కొంచెం ముద్దగా ఉంటుంది. ఒత్తులు కొన్ని విరిగి ఉంటాయి, ఒకే పుటలో ఒక ‘క్ష’ పైకి, ఇంకొక ‘క్ష’ కిందికి కూర్చుంటాయి. స్కాన్ చేసి ఈ మధ్య అచ్చువేసిన నకలులో కాగితం నున్నగా ఉంటుంది, అక్షరాల చుట్టూ సన్నటి బూడిద చుక్కలు ఉంటాయి, పాత పురుగు బొక్క కూడా నల్లని మచ్చగా అచ్చై ఉంటుంది. నిజం బొక్కలోంచి వెనుక పుట కనిపిస్తుంది. ఇది పరీక్షించడానికి అమ్మేవాళ్లను ఒకటే కోరండి: కిటికీ పక్కన పుటను పడుకోబెట్టి, పక్క నుంచి పడే వెలుతురులో ఒక ఫోటో తీసి పంపమనండి. సీసపు అచ్చు ఆ నీడల్లో బయటపడుతుంది.

పోల్చి చూసుకోవడానికి మీ దగ్గర పుస్తకం ఉండనక్కరలేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. అదే పుస్తకం తీసి పుటల సంఖ్య, బొమ్మలు, చివరి పుట పక్కపక్కన పెట్టి చూడండి. స్కాన్‌లో 312 పుటలుండి, అమ్మేవాడు 296 అన్నాడంటే ఎక్కడో ఒక పదహారు పుటల కట్టు ఊడిపోయిందని అర్థం.

ఎక్కడ, ఏ పేరుతో వెతకాలి

వేలాలు మూడు రకాలు. పెద్ద వేలం సంస్థలు, అంటే మన దేశంలో శాఫ్రనార్ట్, అస్తగురు వంటివి, అప్పుడప్పుడూ పాత పుస్తకాలు, పటాలు వేలం వేస్తాయి. కాటలాగు ఉంటుంది, వర్ణన నమ్మదగినదిగా ఉంటుంది, ధరలు మనలాంటి వాళ్ల అందుబాటులో ఎప్పుడో గాని ఉండవు. రెండోది ఈబే. భారతీయ ఈబే సైటు 2018లో మూతపడింది. అంతర్జాతీయ సైటు ద్వారా బయటి దేశాల వాళ్లు అమ్మేవి కొనవచ్చు. ఇంగ్లండులోని చిన్న వేలం సంస్థలను ఎన్నిటినో ఒకచోట చూపించే సేల్‌రూమ్ వంటి పోర్టళ్లూ ఉన్నాయి. తరాల కిందట ఇక్కడ పనిచేసి వెళ్లిన దొరల, మిషనరీల పుస్తకాలు వాళ్ల మనవల ఇళ్లలోంచి బయటపడేది అక్కడే. మూడోది ఫేస్‌బుక్, వాట్సాప్ బృందాల్లో జరిగే పాటలు. తెలుగు పుస్తకాలు ఎక్కువగా దొరికేది ఇక్కడ, మోసాలకు చోటు ఎక్కువ ఉన్నదీ ఇక్కడే.

విదేశీ సైట్లలో వెతకడానికి చిన్న చాకచక్యం కావాలి. అమ్మేవాడికి తెలుగు లిపి తెలియదు. ‘పాత భారతీయ పుస్తకం, తమిళం కావచ్చు’ అని రాస్తాడు. కొందరు బర్మా భాష అని కూడా రాస్తారు, గుండ్రంగా ఉంది కదా అని. కాబట్టి తెలుగుతో పాటు తమిళం, సంస్కృతం, దక్షిణ భారతం అన్న మాటలతోనూ వెతికి, ఫోటోల్లో లిపి మీరే గుర్తుపట్టండి. పోటీ లేని పాటలు దొరికేది ఇలాగే. పాత ఇంగ్లిషు పుస్తకాల్లో మన భాష పేరు వేరు. ‘జెంటూ’, ‘తెలింగ’, ‘తెలూగూ’ అని ఉంటుంది. 1816లో మద్రాసులో అచ్చయిన క్యాంప్‌బెల్ వ్యాకరణం పేరులోనే ‘తెలూగూ’ ఉంది. ఊళ్ల పేర్లూ అంతే. తిరుపతిని దొరలు ‘ట్రిపెటీ’ అని రాసుకున్నారు, కడపను ‘కడ్డప్పా’ అని. వీటన్నిటినీ ఇంగ్లిషు అక్షరాల్లో, రెండు మూడు స్పెల్లింగులతో, వెతుకులాటల జాబితాలో భద్రపరచండి. కొత్తది రాగానే సైటే మీకు కబురు పంపుతుంది, రోజూ కూర్చుని వెతకనక్కరలేదు.

కట్టగా అమ్మేవాటిని తప్పక తెరిచి చూడండి. ‘పాతిక పుస్తకాలు, దక్షిణ భారత మతం’ అని ఒక లాటు ఉంటుంది. పైన నాలుగు పనికిరాని కరపత్రాలు కనిపిస్తాయి. వెన్నుల వరుస ఫోటోను పెద్దది చేసి ఒక్కొక్క పేరు చదివితే మీకు కావలసినది మధ్యలో నిలబడి ఉంటుంది. ఆ ఫోటోను తలకిందులుగా చదవాల్సి వచ్చినా చదవండి.

అడగవలసినవి అడగండి

వర్ణనలో వాడే మాటలకు పుస్తక వ్యాపారంలో వేరే అర్థాలున్నాయి. ‘గుడ్’ అంటే బాగుందని కాదు, బాగా వాడారు కాని పుటలన్నీ ఉన్నాయని. ‘ఫెయిర్’ అంటే చదువుకోవడానికి పనికివస్తుంది, అంతే. ‘ఎక్స్ లైబ్రరీ’ అంటే గ్రంథాలయం ముద్రలు, వెన్ను మీద తెల్ల సిరా అంకె, వెనుక చీటీ అంటించిన జిగురు మరక. ‘ఫాక్సింగ్’ అంటే కాగితం మీద గోధుమ రంగు చుక్కలు. ‘యాజ్ ఈజ్’ అని ఉంటే తరువాత ఏ లోపం కనిపించినా తిరిగి తీసుకోరని ఒప్పుకున్నట్టు.

నేను పంపే ప్రశ్నలు ఇవి, అన్నీ ఒకే సందేశంలో: ముఖపత్రం వెనుక పుట ఫోటో, మొదటి పుట, చివరి పుట, వెన్ను, పటాలు గాని బొమ్మలు గాని ఉంటే వాటి లెక్క. జిల్లా మాన్యువళ్లు, ప్రయాణ గ్రంథాల్లో మడత పటమే ముందు పోతుంది. పటం లేకపోతే ధర చాలా పడిపోతుంది. అమ్మేవాళ్లకు మన భాష తెలియకపోతే ‘అన్నీ ఉన్నాయి’ అన్న మాటకు విలువ లేదు, కాబట్టి లెక్క అడగండి. ఫేస్‌బుక్, వాట్సాప్ పాటలైతే ఇంకొకటి కోరండి: పుస్తకం పక్కన ఆ రోజు దినపత్రిక పెట్టి ఒక చిన్న వీడియో. ఎవరివో ఫోటోలు తెచ్చి పెట్టుకున్నవాడు ఇక్కడే ఆగిపోతాడు. విసుక్కునేవాళ్ల దగ్గర కొనకండి. నిజమైన పుస్తకాల మనిషి ఇలాంటి ప్రశ్నలకు సంతోషిస్తాడు, మీరు అడగని రెండు సంగతులు కూడా చెబుతాడు.

పాట ఎక్కడ ఆపాలో లెక్క వేసుకోండి

సుత్తి పడిన ధర, అంటే పాట ముగిసిన ధర, మీరు కట్టే ధర కాదు. పెద్ద సంస్థలు కొన్నవాళ్ల దగ్గర అదనపు రుసుము తీసుకుంటాయి, ఆ రుసుము మీద జీఎస్టీ ఉంటుంది. సంస్థను బట్టి శాతం మారుతుంది, కాబట్టి షరతుల పుట చదవాలి. రుసుము 20 శాతం, దాని మీద జీఎస్టీ 18 శాతం అనుకుందాం. 6,000 దగ్గర పాట ముగిస్తే రుసుము 1,200, జీఎస్టీ 216, కొరియరుకు ఒక 350. మొత్తం 7,766. ఆరు వేలు అనుకుని కూర్చున్నవాడికి ఇది పెద్ద తేడా.

అందుకే వెనుక నుంచి లెక్క వేయండి. పుస్తకానికి అన్నీ కలిపి 6,000 కంటే పెట్టకూడదనుకుంటే, ముందు కొరియరు 350 తీసేయండి. రుసుము, దాని మీద జీఎస్టీ కలిపి పాట ధరలో 23.6 శాతం కాబట్టి, మిగిలిన 5,650ని 1.236తో భాగిస్తే సుమారు 4,570. అదే మీ హెచ్చుపాట. దాన్ని కాగితం మీద రాసి గోడకు అంటించండి. నవ్వులాట కాదు. పాట చివరి నిమిషాల్లో మనసు ‘ఇంకో రెండొందలే కదా’ అంటుంది. ఆ రెండొందలు నాలుగుసార్లు వస్తాయి.

విదేశాల నుంచి అయితే ఇంకా బరువు. అక్కడి రుసుము, దాని మీద వాళ్ల పన్ను, పోర్టల్ రుసుము, తపాలా, కార్డు మీద బ్యాంకు వేసే విదేశీ మారకపు రుసుము. సాధారణంగా అది 2 నుంచి 3.5 శాతం. ఆపైన కస్టమ్స్. దిగుమతి పుస్తకాలపై 2019 బడ్జెట్‌లో 5 శాతం సుంకం తెచ్చారు. కొరియరులో వస్తే వాళ్ల నిర్వహణ రుసుము వేరు. కొనేనాటి రేట్లు కస్టమ్స్ సైటులో చూసుకోండి. చవకగా దొరికిన బరువైన పుస్తకానికి తపాలా ఖర్చే పుస్తకం వెలను మించడం నేను చూశాను. ఇంకొక చిన్న సంగతి: మీ కార్డుతో విదేశీ చెల్లింపులు చేయాలంటే బ్యాంకు ఆప్‌లో ఆ సదుపాయం ముందే తెరిచి ఉంచాలి. పాట గెలిచాక ఆ పని పెట్టుకోకండి.

ఇక ఆ పుస్తకం విలువ ఎంతో ఎలా తెలుస్తుంది? అమ్మకానికి పెట్టిన ధరలు చూసి కాదు. ఎవరైనా ఎంతైనా అడగవచ్చు. ఈబేలో ‘అమ్ముడుపోయినవి’ అనే వడపోత ఉంది, పెద్ద సంస్థల సైట్లలో పాత వేలాల ఫలితాలు ఉంటాయి. నాలుగైదు నిజమైన అమ్మకాలు రాసుకుంటే అంచనా దానంతటదే వస్తుంది. ఒక్క అమ్మకమే దొరికితే ఆ ధరను నమ్మకండి. ఇద్దరు పంతం పట్టిన రోజు కావచ్చు అది.

పాట రోజు

ఈబేలో, చాలా వేలం సైట్లలో మీ తరఫున సైటే పాడుతుంది. మీరు 4,570 అని పెడితే అది వెంటనే 4,570 అని ప్రకటించదు. ఎదుటివాడు 1,200 దగ్గర ఉంటే మీ తరఫున ఒక మెట్టు పైకి మాత్రమే వెళ్తుంది. ఎదుటివాళ్లు పెంచితే అదీ పెంచుతుంది, మీ హద్దు దగ్గర ఆగిపోతుంది. కాబట్టి చెల్లించేది రెండో పాటదారు హద్దు కంటే ఒక మెట్టు ఎక్కువ, అంతే. ఇద్దరు ఒకే హద్దు పెడితే ముందు పెట్టినవాడిది పుస్తకం. అందుకే 4,500 అని గుండ్రటి అంకె పెట్టకుండా 4,570 అని పెట్టండి. అందరూ గుండ్రటి అంకెల దగ్గరే ఆగుతారు.

ఎప్పుడు పాడాలి? ఈబేలో పాట నిర్ణీత సమయానికి ఠక్కున ముగుస్తుంది, కాబట్టి చివరి పది సెకన్లలో పాడేవాళ్లు ఎక్కువ. అమెరికా పశ్చిమ తీరంలో సాయంత్రం 7 గంటలకు ముగిసే పాట మనకు మరునాడు ఉదయం, వేసవిలో 7.30కు, చలికాలంలో 8.30కు వస్తుంది. అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారాలు మార్చుకుంటారు, మనం మార్చుకోం. ఈ గంట తేడాతో నేను ఒక పుస్తకం పోగొట్టుకున్నాను. కాఫీ తాగి తీరిగ్గా కూర్చునేసరికి అమ్ముడుపోయింది. పెద్ద సంస్థల ఆన్‌లైన్ వేలాల్లో మాత్రం చివరి నిమిషంలో ఎవరైనా పాడితే గడువు కొన్ని నిమిషాలు పెరిగే పద్ధతి ఉంటుంది. అక్కడ చివరి సెకను ఎత్తులు పనిచేయవు. మీ హద్దు పెట్టేసి వెళ్లి భోజనం చేయండి.

ఫేస్‌బుక్ పాటల్లో సైటు మీ తరఫున పాడదు. వ్యాఖ్యల్లో మీరే అంకె రాయాలి. అక్కడ ఒకటి గమనించండి. ఒకే మనిషి ఒకే అమ్మకందారు పాటలన్నిటిలో ధర పెంచి, ఒక్కటీ గెలవకుండా తప్పుకుంటున్నాడా? ‘గెలిచినవాడు వెనక్కు తగ్గాడు, మీకే ఇస్తాను’ అని మరునాడు సందేశం వచ్చిందా? అయితే మీరు పాడింది ఆయన స్నేహితుడి మీద. మీ ధర తగ్గించి అడగండి, లేదా వదిలేయండి.

డబ్బు, పార్సిలు

ముక్కూ మొహం తెలియని అమ్మకందారుకు ముందు మొత్తం డబ్బు పంపవద్దు. ఆ బృందంలో ఆయన దగ్గర కొన్నవాళ్లు ఇద్దరిని అడిగి తెలుసుకోండి. ‘రీఫండు పంపుతాను, ఈ క్యూఆర్ కోడు స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అని ఎవరన్నా మోసమే. డబ్బు మీ ఖాతాలోకి రావడానికి పిన్ అవసరం ఎప్పుడూ ఉండదు. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్యాకింగు ఎలా ఉండాలో మీరే చెప్పండి. ముందు ప్లాస్టిక్ కవరు, తరువాత రెండు వైపులా పుస్తకం కంటే పెద్ద గట్టి అట్టముక్కలు, ఆపైన పెట్టె. మూలలు విరిగేది అట్టముక్క పుస్తకం సైజులోనే ఉన్నప్పుడు. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. కార్తీకంలో గెలిచిన పుస్తకానికి ఆ ప్లాస్టిక్ కవరు తప్పనిసరి. ఇంట్లో ఎవరూ లేని వేళ కొరియరు అబ్బాయి పార్సిలును గేటు లోపలికి విసిరి పోయే వీధి మీదైతే స్పీడ్ పోస్టు మేలు.

విప్పేటప్పుడు ఫోనుతో వీడియో తీయండి. పెట్టె ఆరు వైపులు, చిరునామా చీటీ, తరువాత పుస్తకం. ఆ రోజే పుటలు లెక్కించండి. ఫిర్యాదు గడువు చాలా చోట్ల కొద్ది రోజులే. లోపముంటే ఫోటోలతో మర్యాదగా రాయండి. చాలామంది కొంత డబ్బు తిరిగి ఇస్తారు.

కొత్తగా వచ్చిన పుస్తకాన్ని తిన్నగా బీరువాలో మిగతావాటి పక్కన పెట్టకండి. పురుగు ఉంటే నెల రోజుల్లో బీరువా అంతా దానిదే. గాలి చొరబడని సంచిలో పెట్టి పది రోజులు విడిగా ఉంచి చూడండి. కింద సన్నటి పొడి రాలితే లోపల ప్రాణమున్నట్టు. అప్పుడు అదే సంచితో సహా డీప్ ఫ్రీజర్‌లో వారం పది రోజులు పెట్టండి. బయటికి తీశాక సంచి ఒక రోజంతా విప్పవద్దు, చెమ్మ సంచి మీద కూర్చోవాలి గాని పుస్తకం మీద కాదు. మా ఇంట్లో ఈ పని మొదటిసారి చేసినప్పుడు ఐస్‌క్రీం డబ్బా పక్కన 1920ల నాటి శతకం చూసి మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చిరిగిన పుటకు సెలోటేపు వేయకండి. దాని జిగురు పదేళ్లలో పసుపు మరకగా మారి మళ్లీ ఊడదు. పెళుసెక్కిన పుటలను లామినేషన్ చేయించే ఆలోచన కూడా వద్దు.

వెనుక అట్ట లోపల, మెత్తని పెన్సిలుతో, కొన్న తేదీ, ఎక్కడ కొన్నది, మొత్తం ఎంత పడింది రాసుకోండి. పెన్నుతో కాదు. బిల్లును పుస్తకంలో దూర్చకుండా విడిగా ఒక కవరులో ఉంచండి. నా మొదటి నిఘంటువులో కూడా అలాగే రాసి ఉంచాను: తేదీ, ధర, పక్కన ‘వెనుక పుట చూడలేదు’ అని.